గ్లాస్గో నుంచి ఆరన్ దీవికి రెండు రోజులు: లెక్క తిరుగు ఓడతో మొదలుపెట్టండి

"అన్నా, ఆరన్ వెళ్లాలంటే ఎలా?" గ్లాస్గోలో చదువుకోవడానికి మన తెలుగువాళ్ల కొత్త బ్యాచ్ దిగిన రెండు నెలలకు ఒకసారి, పరీక్షలు అయిపోయాక ఇంకోసారి నాకు ఈ ప్రశ్న తప్పదు. ప్రతిసారీ వాయిస్ మెసేజ్‌లో చెప్తాను, ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతాను. నేను మర్చిపోయిన దాని వల్ల ఎవరో ఒకరు తడిసి ముద్దై తిరిగొస్తారు. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

మాది కోనసీమ. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నర్సాపురం వెళ్లడం చిన్నప్పటి నుంచీ అలవాటు. అక్కడ మనం సంచి పట్టుకుని పరిగెత్తుకొస్తుంటే పంటు మీద ఎవరో ఒకరు చూసి "ఆపండి, ఆపండి" అంటారు. ఆరన్ ఓడ ఎవరికోసమూ ఆగదు. గాలి ఎక్కువైతే అసలు రాదు. అందుకే ఈ ట్రిప్‌ను నేను ఆదివారం సాయంత్రం నుంచి వెనక్కి లెక్కేస్తాను. మీరూ అలాగే వేసుకోండి.

కావలసినవి

- ఫోటో ఉన్న గుర్తింపు కార్డు. స్టూడెంట్ కార్డు చాలు. ఆరన్ స్కాట్లాండ్‌లో భాగమే, మధ్యలో ఇమ్మిగ్రేషన్ ఏమీ ఉండదు. పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టి వెళ్లండి. వానలో తడిసిందంటే ఆ తలనొప్పి నెలల తరబడి వదలదు.
- నీళ్లు చొరని జాకెట్. గొడుగు తెచ్చుకోకండి, ఆరన్‌లో ఓడ దిగే బ్రాడిక్ రేవులో అడుగుపెట్టగానే గాలికి తిరగబడుతుంది.
- అడుగున పట్టు ఉన్న బూట్లు, రెండు జతల అదనపు సాక్సులు.
- పవర్ బ్యాంక్, ముందే డౌన్‌లోడ్ చేసిన ఆఫ్‌లైన్ మ్యాప్. దీవికి ఉత్తరాన, పడమటి వైపున సిగ్నల్‌ను నమ్ముకోలేం.
- మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్తే మిడ్జ్‌లకు పూసుకునే మందు. మిడ్జ్ అంటే మన దోమకన్నా చాలా చిన్న పురుగు, గుంపులుగా వస్తుంది. గాలి లేని సాయంత్రాలు వాటి రాజ్యం.
- 16-25 రైల్‌కార్డు, ఉంటే. టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. ఫుల్‌టైమ్ చదువుతుంటే 26 దాటినా తీసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.
- పులిహోర. దీని సంగతి కింద చెప్తాను.

1. ముందు దీవి పేరు సరిచూసుకోండి

నవ్వకండి, ఇది నిజంగానే జరుగుతుంది. ఐర్లాండ్‌లో గాల్వే దగ్గర కూడా ఆరన్ దీవులు ఉన్నాయి. పలకడం ఒకటే. ఇంగ్లిష్ స్పెల్లింగులో రెండు 'ఆర్'లు ఉన్నది మన స్కాట్లాండ్ ఆరన్, ఒక్కటే ఉన్నవి ఐర్లాండ్‌వి. హాస్టల్ వెతికేటప్పుడు చౌకగా కనిపించిందని ఆ ఐర్లాండ్ దీవిలో బుక్ చేస్తే డబ్బు పోవడం ఒక్కటే కాదు. యూకే స్టూడెంట్ వీసా మీద ఐర్లాండ్ వెళ్లలేరు, దానికి విడిగా ఐరిష్ వీసా కావాలి. బెల్‌ఫాస్ట్ నుంచి బస్సులో వెళ్తే ఎవరూ ఆపరని చెప్పేవాళ్లు ఉంటారు. ఎవరూ ఆపకపోయినా అది నేరమే. వాళ్ల మాట వినకండి.

2. పని గంటలు సర్దుకోండి

మనలో చాలామందికి శని, ఆదివారాలే షిఫ్టులు. కాబట్టి మీ వీకెండ్ మంగళ, బుధవారాల్లో పడినా ఏమీ తప్పులేదు. పైగా ఓడలోనూ హాస్టల్లోనూ రద్దీ తక్కువ.

అసలు జాగ్రత్త వేరే ఉంది. "ఈ వారం సెలవు పెట్టి వచ్చే వారం కలిపి చేసేస్తా" అనుకోకండి. డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకు టర్మ్ సమయంలో వారానికి 20 గంటలే. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం. ఒక వారం 12 చేసి పై వారం 28 చేస్తే సగటు 20 అని మీరు లెక్క చెప్పొచ్చు, కానీ అది వీసా నిబంధన దాటడమే. ఇంకో మాట: మాస్టర్స్ వాళ్లకు ఎండాకాలంలో డిసర్టేషన్ నడుస్తున్నంత కాలం మామూలుగా టర్మ్ కిందే లెక్క. బీటెక్ అలవాటులో సమ్మర్ అంటే సెలవులే అనుకుని దెబ్బతిన్నవాళ్లను చూశాను.

3. నెల ఎంచుకోండి

నా ఓటు ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం వరకు. పగలు ఎక్కువ, వాన కొంత తక్కువ, మిడ్జ్‌లు ఇంకా పూర్తిగా లేచి ఉండవు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో పావు తక్కువ నాలుగుకే సూర్యుడు దిగిపోతాడు, పొద్దున పావు తక్కువ తొమ్మిదికి గానీ రాడు. క్రిస్మస్ సెలవుల్లో ఖాళీగా ఉన్నాం కదా అని వెళ్తే హాస్టల్ గోడలు చూసి రావాలి. ఆ హాస్టల్ కూడా తెరిచి ఉంటేనే.

4. తిరుగు ఓడతో మొదలుపెట్టండి

ఓడలు నడిపేది కాల్‌మాక్ అనే సంస్థ. వాళ్ల వేసవి టైమ్‌టేబుల్ వేరు, శీతాకాలం టైమ్‌టేబుల్ వేరు. మీరు వెళ్లే తేదీకి ఏది వర్తిస్తుందో చూసుకుని ఇలా చేయండి.

తిరిగొచ్చే రోజు చివరి ఓడ ఏదో కాగితం మీద రాసుకోండి. దాన్ని కొట్టేయండి. దానికి ముందున్న ఓడే మీది. చివరిది దేవుడు మీ కోసం ఉంచిన అదనపు అవకాశం, దాన్ని ముందే ఖర్చు పెట్టకండి. నేను రెండోసారి వెళ్లినప్పుడు చివరి ఓడకే టికెట్ తీసుకున్నాను. మధ్యాహ్నం నుంచి గాలి లేచింది, సాయంత్రం ఓడ రద్దయింది. ఆ రాత్రి గదికి పెట్టిన డబ్బుతో మామూలుగా రెండు వారాల సరుకులు వచ్చేవి.

రెండో సంగతి, ఏ రేవు అన్నది. మామూలుగా చెప్పుకునేది ఆర్డ్రాసన్ నుంచి బ్రాడిక్‌కు 55 నిమిషాలు. కానీ గ్లెన్ సానక్స్ అనే కొత్త ఓడకు ఆర్డ్రాసన్ రేవు సరిపోదు, అందుకని అది ట్రూన్ నుంచి నడుస్తోంది. ప్రయాణం కాస్త ఎక్కువ, గంటా పావు పైనే. (ఆ ఓడకు 2017లో జలప్రవేశం చేశారు. నిజమైన కిటికీలు లేక కిటికీల బొమ్మలు పెయింట్ చేసి మరీ దించారు. ప్రయాణికులు ఎక్కింది 2025 జనవరిలో. మన ఊళ్లో వంతెనల సంగతి గుర్తొచ్చి నాకు ఇక్కడివాళ్ల మీద ఆత్మీయత పెరిగింది.) కాబట్టి పోయినేడాది వెళ్లిన స్నేహితుడి మాట మీద రైలు టికెట్ కొనకండి. మీ తేదీన మీ ఓడ ఏ రేవు నుంచో టికెట్‌లోనే చూడండి.

నడిచి ఎక్కేవాళ్లకు ఓడ టికెట్ చౌకే. 2014 అక్టోబరులో ఆరన్‌కు ఛార్జీలు బాగా తగ్గించారు. నేను వెళ్లినప్పుడు రానుపోను పది పౌండ్లకు అటూ ఇటూగా అయింది. సైకిల్‌కు డబ్బు తీసుకోరు. కారు మాత్రం ముందే బుక్ చేయాలి, వేసవి వారాంతాల్లో చోటు దొరకదు. మొదటిసారి వెళ్తుంటే కారు వద్దనే చెప్తాను. దీవిలో బస్సులు ఉన్నాయి, డబ్బు మిగులుతుంది, కొండ దిగి కాళ్లు వణుకుతుంటే డ్రైవ్ చేసే బాధ ఉండదు.

5. ఓడ దొరికాకే పడక

హాస్టల్ ముందు బుక్ చేసి ఓడ తర్వాత చూసుకోవడం మనవాళ్ల మామూలు వరస. దాన్ని తిప్పండి. ఉత్తరాన లాక్‌రాంజాలో యూత్ హాస్టల్ ఉంది, వంటగది వాడుకోవచ్చు. సాయంత్రాలు ఆ ఊళ్లో జింకలు మన దగ్గర ఆవులు తిరిగినట్టు తిరుగుతాయి. బ్రాడిక్‌లో ఉంటే రేవు పక్కనే, కొట్లు పక్కనే. గోట్ ఫెల్ కొండ ఎక్కేది ఖాయమైతే బ్రాడిక్, ఊరికే ప్రశాంతంగా గడపాలంటే లాక్‌రాంజా.

గ్రూప్ గురించి: వాట్సాప్‌లో 14 మంది "నేనూ" అంటారు, స్టేషన్‌కు నలుగురు వస్తారు. డబ్బు పంపినవాళ్ల పేరు మీదే పడక బుక్ చేయండి. మొహమాటపడితే నష్టం మీకే.

6. రైలు

గ్లాస్గోలో రెండు పెద్ద స్టేషన్లు ఉన్నాయి. మీది సెంట్రల్. క్వీన్ స్ట్రీట్ కాదు.

ఆర్డ్రాసన్ పేరుతో మూడు స్టేషన్లు వస్తాయి: సౌత్ బీచ్, టౌన్, హార్బర్. మీరు దిగేది ఆఖరిది, హార్బర్. సౌత్ బీచ్ దాటాక లైను రెండుగా చీలి ఒకటి లార్గ్స్‌కు పోతుంది. లార్గ్స్ రైలు ఎక్కి కూర్చుంటే సముద్రం కనిపిస్తూనే ఉంటుంది, కానీ మీ ఓడ ఉండదు. ఎక్కే ముందు బోర్డు మీద చివరి స్టేషన్ పేరు చదవండి.

ట్రూన్ అయితే స్టేషన్ నుంచి రేవుకు నడక ఉంది. బ్యాగుతో 25 నిమిషాలు వేసుకోండి.

స్కాట్‌రైల్‌లో 2025 సెప్టెంబరు నుంచి పీక్ ఛార్జీలు తీసేశారు, పొద్దున్నే వెళ్లినా అదే ధర. రైలు, ఓడ కలిపి ఒకే టికెట్‌గా కూడా దొరుకుతుంది, విడివిడిగా ఎంతవుతుందో పోల్చి తీసుకోండి. ఓడ కంటే కనీసం అరగంట ముందు రేవులో ఉండేలా రైలు ఎంచుకోండి. దానికి ముందు రైలు ఎక్కితే ఇంకా మంచిది.

7. తిండి

చింతపండు పులిహోర ముందు రోజు రాత్రి కలిపి, బాగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై అన్నం పాడవుతుంది. ఇక్కడి చలికి మర్నాడు మధ్యాహ్నం దాకా ఢోకా ఉండదు. రెండో రోజుకు బ్రాడిక్‌లో కో-ఆప్ సూపర్‌మార్కెట్ ఉంది, బ్రెడ్, పండ్లు, నూడుల్స్ కొనుక్కుని హాస్టల్లో కానివ్వండి. లాక్‌రాంజా వెళ్లేవాళ్లు బ్రాడిక్‌లోనే కొనేయాలి. అక్కడికెళ్లి చూద్దాం అనుకుంటే పస్తే.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కెఫేల్లో లెంటిల్ సూప్ ఉంటుంది, చూడ్డానికి మన పప్పులాగే. కానీ స్కాట్లాండ్‌లో దాన్ని పంది ఎముక వేసి కాచిన నీళ్లతో చేయడం పాత పద్ధతి. శాకాహారమేనా అని అడిగి తీసుకోండి.

8. మొదటి రోజు: పడమటి వైపు

బ్రాడిక్‌లో దిగగానే రేవు ముందే బస్సులు ఉంటాయి, ఓడ వేళకు తగ్గట్టు బయలుదేరతాయి. ఓడ దిగాక ఫోటోలు తీసుకుంటూ నిలబడితే బస్సు పోతుంది, తర్వాతది గంటల తర్వాతే. ముందు బస్సు ఎక్కండి. ఫోటోలకు కిటికీ ఉంది. రోజంతా తిరిగే టికెట్ అడగండి, ఎక్కడ దిగాలో డ్రైవర్‌కు ఎక్కేటప్పుడే చెప్పండి.

మాక్రీ మూర్‌కు వెళ్లండి. రోడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్లు లోపలికి, దాదాపు చదునైన దారి, చుట్టూ గొర్రెలు. అక్కడ నాలుగైదు వేల ఏళ్ల నాటి నిలువు రాళ్లు ఉన్నాయి. పెద్దది ఐదు మీటర్లకు పైనే. తెలంగాణలో నారాయణపేట దగ్గర ముడుమాల్ నిలువు రాళ్లు చూసినవాళ్లు ఇక్కడ ఎక్కువసేపు నిలబడిపోతారు. రాళ్ల మీదికి ఎక్కకండి. దారిలో గేటు తీస్తే మళ్లీ వేయండి, లేకపోతే గొర్రెలు రోడ్డు మీదికి వస్తాయి.

తిరిగి రావడానికి బస్సు వేళ దిగిన వెంటనే ఫోటో తీసుకోండి. ఆదివారం బస్సులు తక్కువ.

9. రెండో రోజు: గోట్ ఫెల్, ఎక్కగలిగితేనే

ఎత్తు 874 మీటర్లు. తిరుమల సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో ఇదీ ఇంచుమించు అంతే. "అలిపిరి నుంచి నడిచి ఎక్కాను, ఇదెంత" అన్నవాడితో నేను వెళ్లాను. తేడా ఏమిటంటే ఇక్కడ సముద్రం ఒడ్డు నుంచే ఎక్కడం మొదలు, మెట్లు లేవు, పైకప్పు లేదు, మజ్జిగ అమ్మేవాళ్లు లేరు. చివరి భాగం నిలువుగా, పెద్ద పెద్ద బండల మీదుగా ఉంటుంది.

బ్రాడిక్ కోట దగ్గర క్లాడా అనే చోట దారి మొదలవుతుంది. రానుపోను 5 నుంచి 7 గంటలు వేసుకోండి. ఇప్పుడు మీ తిరుగు ఓడ వేళ నుంచి వెనక్కి లెక్కేయండి. ఓడ నాలుగున్నరకు అయితే మూడున్నరకల్లా కిందికి రావాలి, అంటే పొద్దున ఎనిమిదికల్లా దారిలో ఉండాలి. ఉండలేరా? అయితే ఎక్కకండి. కోట, తోటలు చూడండి. లేదా వైటింగ్ బే నుంచి గ్లెనాష్‌డేల్ జలపాతం దాకా నడవండి. వేసవిలో లామ్‌లాష్ నుంచి చిన్న పడవలో హోలీ ఐల్ వెళ్లొచ్చు, అక్కడ టిబెటన్ బౌద్ధుల ధ్యాన కేంద్రం ఉంది. ఇవేవీ తక్కువవి కాదు.

ఎక్కేవాళ్లకు నా నియమాలు ఇవి:

- బయలుదేరే ముందే "ఇన్ని గంటలకు ఎక్కడున్నా వెనక్కి" అని వేళ పెట్టుకోండి. శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే.
- పైన మబ్బు కమ్మితే దారి కనిపించదు. దిగేటప్పుడు కారీ ఊరి వైపు ఇంకో దారి చీలుతుంది. చీలిక దగ్గర ఆగి మ్యాప్‌లో చూసుకోండి.
- జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు, బరువెక్కుతుంది, చలి ఎముకల దాకా వెళ్తుంది.
- మంచు ఉన్న నెలల్లో అసలు వద్దు.
- ఆపద వస్తే 999కి చేసి పోలీస్ అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. మాట్లాడటానికి సిగ్నల్ లేకపోయినా ఒక్కోసారి మెసేజ్ పోతుంది. దానికి ముందే ఇంట్లో ఉండగా 999కి ఇంగ్లిష్‌లో 'రిజిస్టర్' అని మెసేజ్ పంపి, వచ్చిన జవాబులో చెప్పినట్టు నమోదు పూర్తి చేయాలి. రెండు నిమిషాల పని.

కొండ దిగాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. నలపకుండా, చర్మానికి దగ్గరగా పట్టుకుని నేరుగా లాగాలి. కొన్ని రోజుల తర్వాత అక్కడ ఎర్రటి మచ్చ వ్యాపిస్తే డాక్టర్‌కు చూపించండి, లైమ్ జబ్బు కావచ్చు.

నీళ్ల గురించి విడిగా

గోదావరిలో ఈదినవాళ్లకే ఇది ముఖ్యంగా చెప్తున్నాను. ఆగస్టులో కూడా ఇక్కడి సముద్రం 13, 14 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కొండ వాగుల్లో నీళ్లు అంతకన్నా చల్లన. ఒక్కసారిగా అందులో పడితే ఊపిరి మన అదుపులో ఉండదు, ఈత వచ్చినా చేతులు ఆడవు. 2024 ఏప్రిల్‌లో పెర్త్‌షైర్‌లో లిన్ ఆఫ్ టమెల్ దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో మునిగి చనిపోయారు. స్నేహితులతో కలిసి సరదాగా వెళ్లినవాళ్లే. తడి బండల అంచున సెల్ఫీ వద్దు. ఎవరైనా పడితే వెనకే దూకకండి, 999కి చేయండి. ఒడ్డు నుంచి అందేదేదైనా విసరండి.

ముందు రోజు రాత్రి సరిచూసుకోండి

కాల్‌మాక్ సైట్‌లో మీ రూట్ పరిస్థితి చూడండి. వానకు ఓడలు ఆగవు, గాలికి ఆగుతాయి. వాతావరణ యాప్‌లో మనం చూసేది వాన బొమ్మ, చూడాల్సింది గాలి వేగం. గాలి విసురు గంటకు 40 మైళ్లు దాటి చూపిస్తే నేను వాయిదా వేస్తాను. వెళ్లే రోజుది చూసి సంతోషపడకండి, తిరిగొచ్చే రోజుది చూడండి.

తర్వాత ఈ మూడు ప్రశ్నలు. నేను ఎంచుకున్న ఓడ తర్వాత ఇంకో ఓడ ఉందా? ఒక రాత్రి ఇరుక్కుంటే కార్డులో గదికి డబ్బు ఉందా? మర్నాడు పొద్దున పరీక్షగానీ హాజరు తప్పనిసరైన క్లాసుగానీ ఉందా? మొదటి రెండింటికి అవును, మూడోదానికి కాదు అని వస్తేనే అలారం పెట్టుకుని పడుకోండి.

ఓడ రద్దయితే

కంగారు పడకండి. ముందు తర్వాతి ఓడకు టికెట్ మార్పించుకోండి, వెంటనే పడక అడగండి. మీలాగే ఇరుక్కున్నవాళ్లు అదే పనిలో ఉంటారు. రద్దయిన నోటీసు స్క్రీన్‌షాట్ తీసి మేనేజర్‌కు, కాలేజీకి రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో చెప్పిన మాట వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇంత లెక్క మన వల్ల కాదనుకుంటే

లార్గ్స్ రైలు తప్పుగా ఎక్కకండి అన్నాను కదా, కావాలనే ఎక్కండి. లార్గ్స్ నుంచి గ్రేట్ కంబ్రే దీవికి పది నిమిషాల ప్రయాణం. దీవి చుట్టూ రోడ్డు 16 కిలోమీటర్లు, దాదాపు చదును. అక్కడి మిల్‌పోర్ట్ ఊళ్లో సైకిల్ అద్దెకు తీసుకుంటే మూడు గంటల్లో చుట్టేసి, మీ పులిహోర తిని, చీకటి పడకముందే ఇంటికి రావచ్చు. గాలి బాగా లేస్తే ఇక్కడా ఓడ ఆగుతుంది, కానీ మామూలు రోజున ఒకటి తప్పితే కాసేపట్లో ఇంకోటి వస్తుంది. సఖినేటిపల్లి పంటు లెక్కే.